ఏడు హాలీకి ఆరు కల్దార్

వంద రూపాయల నోటు తీసి వెనక్కి తిప్పండి. చిన్న అక్షరాల్లో ఒకదాని కింద ఒకటిగా 15 వరసలు కనిపిస్తాయి. నోటు విలువను 15 భాషల్లో చెప్పే పట్టీ అది. భాషల పేర్లను ఇంగ్లిషు అక్షరక్రమంలో పేర్చారు కాబట్టి అస్సామీ మొదట, ఉర్దూ చివర వస్తాయి. కన్నడం 4వ వరస, మరాఠీ 8, తెలుగు 14, ఉర్దూ 15. దేశంలో చాలా ఊళ్లవాళ్లకు ఈ పట్టీలో తమదని చూపించుకోవడానికి ఒక్క వరసే ఉంటుంది. జహీరాబాద్ బస్టాండులో కాసేపు నిలబడితే మాత్రం ఈ నాలుగూ చెవిన పడతాయి. బీదర్ ఇక్కడికి 30 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. హైదరాబాద్ నుంచి ముంబై పోయే రోడ్డు ఈ ఊరి మీదుగానే కర్ణాటక దాటి మహారాష్ట్రలోకి పోతుంది.

సరిగ్గా ఈ నాలుగు భాషలతో, వాటికి ఇంగ్లిషు కలిపి, అచ్చేసిన నోటు ఒకటి ఒకప్పుడు ఈ ఊళ్లో చెల్లింది. అది హైదరాబాద్ రాజ్యం నోటు. సర్కారు పెట్టిన పేరు ఉస్మానియా సిక్కా, జనం పిలిచింది హాలీ. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్లు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు పాత అప్పుల సంగతి చెబితే ఇప్పటికీ ఈ రెండు మాటలు దొర్లుతాయి.

నోటు రూపం మారిన ప్రతిసారీ పేపర్లు కొత్త బొమ్మ గురించి రాస్తాయి. నాకైతే బొమ్మ ఆఖరున చూడాల్సిన సంగతి. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యత 18.33 శాతం. అంటే నోటు పట్టుకున్న ప్రతి అయిదుగురిలో నలుగురికి దాని మీద రాసింది ఏ భాషలోనూ చదవడం రాదు. వాళ్లు నోటును పోల్చుకున్నది రంగుతో, కొలతతో, చేతికి తగిలే తీరుతో. ఆ మూడూ ఎప్పుడు మారాయో, ఎవరి అవసరం కోసం మారాయో చూస్తే నోటు చరిత్ర వేరేగా కనిపిస్తుంది. ఆ లెక్కకు జహీరాబాద్ మంచి చోటు. ఎందుకంటే ఇక్కడ నోటే కాదు, నోటు అచ్చేసే సర్కారు కూడా మారింది.

వెండి కరువుతో వచ్చిన కాగితం

తమ సొంత నోట్లు అచ్చేసుకోవాలని హైదరాబాద్ సర్కారుకు చాలాకాలం నుంచే ఉండేది. సాహుకార్లను కూడగట్టి బ్యాంకు పెట్టించి, దాని చేత నోట్లు తీయించాలని కూడా చూసింది. సంస్థానాల చేతికి కాగితపు డబ్బు పోవడం బ్రిటిష్ వాళ్లకు గిట్టలేదు. నాణేలు పోసుకోండి, నోట్ల జోలికి రాకండి అన్నది వాళ్ల పట్టు.

ఆ పట్టు సడలించింది మొదటి ప్రపంచ యుద్ధం. వెండి దొరకడం కష్టమైపోయింది. బ్రిటిష్ ఇండియాలోనే వెండి రూపాయికి బదులు 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు, ఆ వెంటనే రెండున్నర రూపాయల నోటు తేవలసి వచ్చింది. నోటు మీద రెండు రూపాయల ఎనిమిది అణాలని రాసి ఉండేది. అలాంటి విలువతో మన దేశంలో మళ్లీ నోటు రాలేదు. యుద్ధానికి నిజాం ఇచ్చిన సాయం కూడా తోడయ్యి, 1918లో హైదరాబాద్ కరెన్సీ చట్టానికి దారి ఇచ్చారు. మొదట 10, 100 రూపాయల నోట్లు వచ్చాయి. 1919లో 1, 5 రూపాయలవి, 1926లో 1000 రూపాయలది. మొత్తం అయిదు విలువలు. ఈ అయిదు అంకెలు గుర్తుంచుకోండి, కిందికి పోయాక పనికొస్తాయి.

ఈ నోట్ల మీద నిజాం బొమ్మ లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద పుట్టిన సిక్కా మీద ఆయన మొహమే లేకపోవడం ఇప్పటివాళ్లకు వింతగా ఉండవచ్చు. పక్కనే బ్రిటిష్ ఇండియా నోట్ల మీద 1923 నుంచి అయిదో జార్జి కిరీటంతో సహా కనిపిస్తాడు. హైదరాబాద్ వాళ్లు మనిషి బొమ్మకు బదులు చుట్టూ సన్నటి అల్లిక, నడుమ ఉర్దూ రాత పెట్టుకున్నారు. కట్టడం బొమ్మ కావాలంటే నాణెం చూడాలి. నిజాం రూపాయి మీద చార్మినార్ ఉండేది. తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలకు దక్కింది విలువ చెప్పేంత చోటే. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు, నోటు మీద పెద్ద పీట ఉర్దూది. అయినా ఈ నోటు గురించి ఒక మాట ఒప్పుకోవాలి. ఆనాటి పరిపాలనలో ఆ మూడు భాషలకు ఉన్న చోటుతో పోలిస్తే నోటు మీద దక్కిన ఆ కాస్త చోటే నయం.

నోట్లు మొదట లండన్‌లోని వాటర్లో అండ్ సన్స్ అచ్చేసింది. తర్వాత నాసిక్‌లో ప్రెస్సు పెట్టాక పని అక్కడికి మారింది. ఈ లండన్ అచ్చువల్ల హాలీ నోటుకు ఒక సముద్రపు కథ ఉంది. 1922 మే 19న ఈజిప్ట్ అనే ఓడ ఇంగ్లండులోని టిల్బరీ నుంచి బొంబాయికి బయల్దేరింది. లోపల 10 లక్షల పౌండ్లకు పైగా విలువైన బంగారం, వెండి, వాటితోపాటు హైదరాబాద్‌కు పంపిన నోట్లు ఉన్నాయి. మర్నాడు సాయంత్రం పొగమంచులో, ఫ్రాన్సు తీరంలో ఉషాంత్ దీవి దగ్గర, సెయిన్ అనే ఫ్రెంచి ఓడ దానికి గుద్దుకుంది. ఈజిప్ట్ నిమిషాల్లో మునిగింది, 80 మందికి పైగా చనిపోయారు. పదేళ్ల తర్వాత, 1932లో, ఆర్తిలియో అనే ఇటలీ ఓడ మీద వచ్చినవాళ్లు నూరు మీటర్లకు మించిన లోతు నుంచి బంగారం పైకి తీశారు. ఆ బంగారంతోపాటు నిజాం నోట్లు కూడా పైకొచ్చాయి. పదేళ్లు ఉప్పునీళ్లలో నానినా కొన్నిటి మీద అచ్చు చెక్కుచెదరలేదు.

కానీ వాటికి విలువ లేదు. తడిసినందుకు కాదు, వాటి మీద సంతకం లేనందుకు. కాగితం, అచ్చు, నంబరు, నాలుగు భాషలు అన్నీ ఉన్నా, ఆర్థిక శాఖ పెద్ద సంతకం హైదరాబాద్ చేరాకే పడాలి. నోటు రూపంలో ఏది డబ్బు, ఏది అలంకారం అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ నోట్లే ఇప్పుడు సేకరించేవాళ్ల దగ్గర, ఓడ పేరు చెప్పుకొని మరీ అమ్ముడుపోతాయి.

ఏడుతో తెగని లెక్క

1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ తెరిచాక ఉస్మానియా సిక్కా నిర్వహణ దానికి అప్పగించారు. 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయిందీ, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయిందీ ఈ బ్యాంకే. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం నడుస్తున్న రోజుల్లో నిజాం సర్కారు భారత రూపాయి తన రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. ఢిల్లీతో గొడవలు ముదరడానికి అదీ ఒక కారణం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రాజ్యం పోయింది కానీ డబ్బు వెంటనే పోలేదు. 1950 నుంచి హాలీ, భారత రూపాయి పక్కపక్కన చెల్లాయి. మారకం రేటు 7 హాలీకి 6 కల్దార్.

చెప్పడానికి సులువైన రేటే. ఇప్పుడు పైన గుర్తుంచుకోమన్న అయిదు విలువలు తీయండి: 1, 5, 10, 100, 1000. వీటిలో ఏదీ 7తో నిశ్శేషంగా పోదు. ఒక హాలీ రూపాయిని కల్దార్‌లోకి మారిస్తే 13 అణాల ఎనిమిదిన్నర పైసల పైచిలుకు. 5 హాలీ నోటుకు 4 రూపాయల 4 అణాల 7 పైసలు, కాస్త తక్కువగా. 10 హాలీకి 8 రూపాయల 9 అణాల 2 పైసలకు కొంచెం లోపు. 100 హాలీకి 85 రూపాయల 11 అణాల 5 పైసలు, కొంచెం మీద. ఇక్కడ పైస అంటే పాత పై, అణాలో పన్నెండో వంతు. రూపాయికి 192.

అటునుంచి లెక్కేసినా అంతే. 100 కల్దార్‌కు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు. ఇది మాత్రం పైసలతో సహా సరిపోతుంది. 1950లో వచ్చిన భారత నోట్లు 2, 5, 10, 100 రూపాయలవి, వాటికి తోడు ఒక రూపాయి నోటు. వీటిలో ఏదీ 6తో భాగించబడదు. అటు అయిదు విలువలు, ఇటు అయిదు విలువలు. ఒక్క నోటు కూడా ఇంకో నోటుకు సరిసమానం కాదు. ఏ నోటు మార్చినా చిల్లర మిగులుతుంది, హాలీ నోటు మారిస్తే ఆ చిల్లరలోనూ ముక్క మిగులుతుంది. ఆ ముక్క ఎవరో ఒకరి గల్లాలో పడక తప్పదు. అంగట్లో బెల్లం అమ్ముకోవడానికి వచ్చిన రైతు, ఇటు కూర్చున్న సేటు, ఇద్దరిలో ఈ భాగహారం ఎవరికి తొందరగా వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ గందరగోళం మీద ఇంకొకటి వచ్చి పడింది. 1957 ఏప్రిల్ 1న దేశమంతా రూపాయికి 100 నయా పైసలని ప్రకటించారు. అణా 6.25 నయా పైసలయింది. హాలీ రూపాయి 85.71 నయా పైసలయింది. 1951లోనే కొత్త హాలీ నోట్లు ఇవ్వడం ఆపేసినా, చెల్లుబాటును పూర్తిగా ఎత్తేసింది 1959లో. అంటే రెండేళ్లపాటు చట్టం దృష్టిలో మూడు కొలతలు బతికే ఉన్నాయి: హాలీ, అణాల లెక్క, నయా పైసల లెక్క.

ఆ నడుమే ఊరి చిరునామా కూడా మారింది. 1956 నవంబరు 1 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం మూడో సెక్షన్‌లో దీని పేరు విడిగా ఉంది. బీదర్ జిల్లాలోని జహీరాబాద్ తాలూకా, అందులో నిర్ణా సర్కిల్ మినహాయించి, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా, ఇవి ఆంధ్రప్రదేశ్‌కు. మిగిలిన బీదర్ ప్రధానంగా మైసూరు రాష్ట్రానికి. మరాఠీ జిల్లాలు బొంబాయికి. ఒక నోటు మీద పక్కపక్కన అచ్చయిన మూడు భాషలు మూడు రాష్ట్రాలయ్యాయి. ఆ గీత ఈ తాలూకా నడుమ నుంచే పోయింది, ఒక సర్కిల్ అటు, మిగతాది ఇటు. నోటు కంటే రాజ్యం ముందు పోయింది. నోటు చెల్లుబాటు పోయేసరికి అది చెల్లిన రాజ్యం పోయి పదకొండేళ్లు, ఆ రాష్ట్రం మూడు ముక్కలై మూడేళ్లు.

దొంగ ముందు, నోటు వెనక

భారత నోటు వంశం వేరు. 1861 కాగితపు కరెన్సీ చట్టంతో ప్రైవేటు బ్యాంకుల నోట్లు ఆగి, సర్కారు నోట్లు మొదలయ్యాయి. వాటి మీద విక్టోరియా రాణి బొమ్మ ఉండేది. దొంగనోట్లు పెరిగేసరికి 1867లో రాణిని తీసేసి, ఒకవైపే అచ్చున్న నోట్లు తెచ్చారు. అంటే మన దేశంలో సర్కారు నోటు పుట్టిన ఆరేళ్లకే రూపం మారింది, మార్పించినవాడు దొంగ. ఆ తర్వాతి చరిత్రలో సగం ఇదే వరస.

ఆ రోజుల్లో నోటు చెల్లేది తన సర్కిల్‌లోనే. మద్రాసు సర్కిల్ కింద ఉపసర్కిల్‌గా విశాఖపట్నం ఉండేది, ఆ పేరు నోటు మీదే అచ్చయ్యేది. 5 రూపాయల నోటును 1903లో, 10, 50 నోట్లను 1910లో, 100 నోటును 1911లో దేశమంతా చెల్లేలా చేశారు. అంతకుముందు దూరాలకు డబ్బు పంపేవాళ్లు నోటును నిలువునా రెండు ముక్కలు చేసి ఒక ముక్క తపాలాలో పంపేవాళ్లు, అది చేరిందని జవాబు వచ్చాక రెండోది. సర్కారు కూడా దీన్ని ఒప్పుకుంది.

రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న మొదలైంది. దాని తొలి నోటు 1938 జనవరిలో వచ్చిన 5 రూపాయలది, ఆరో జార్జి బొమ్మతో. అదే ఏడాది జూన్‌కల్లా 10,000 రూపాయల నోటు కూడా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నాణ్యమైన దొంగనోట్లు తయారు చేయడంతో కాగితంలోని నీటిగుర్తులో రాజు మొహం పక్కవాటు నుంచి ఎదురుగా తిరిగింది. 1944లో నోటులో దారం వచ్చింది. ఇప్పుడు కిరాణా కొట్టులో వెలుతురుకు ఎత్తి చూసే దారానికి మూలం ఆ యుద్ధం.

స్వాతంత్ర్యం వచ్చాక రాజు స్థానంలో గాంధీ బొమ్మ పెడదామని మొదట అనుకున్నారు, నమూనాలు కూడా గీశారు. చివరికి సారనాథ్ సింహాలకు ఓటు పడింది. గాంధీ నోటెక్కడానికి 1969 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ శతజయంతికి గుర్తుగా, సేవాగ్రామ్ ఆశ్రమం ముందు కూర్చున్నట్టుగా. 1987లో 500 నోటు మీదికి, 1996లో మొత్తం వరస మీదికి వచ్చారు. ఈ మధ్యలో 1967లో ఖర్చు తగ్గించుకోవడానికి నోట్ల కొలతలు కుదించారు. ఆ మార్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా దృష్టిలో సింహాల నుంచి గాంధీకి మారడం కంటే జనం చేతులకు ఎక్కువ తెలిసింది ఆ కుదింపే.

భాషల పట్టీ కూడా మెల్లగా పెరిగింది. ఆరో జార్జి నాటికి 8 భాషలు, తెలుగు అప్పటికే అందులో ఉంది. కొంకణి, నేపాలీ చేరాక ఇప్పుడున్న 15 అయ్యాయి. నోటు మీద విడిగా పెద్దగా ఉన్న హిందీ, ఇంగ్లిషు కలిపితే 17. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలుంటే, సింధీ, మణిపురి, బోడో, డోగ్రీ, మైథిలి, సంతాలీ ఈ ఆరూ ఇంకా నోటెక్కలేదు.

నోటు మీద సంతకం పెట్టిన రిజర్వు బ్యాంకు గవర్నర్లలో మనవాళ్లు కూడా ఉన్నారు. కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి.రెడ్డి 2003 నుంచి 2008 దాకా, ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు 2008 నుంచి 2013 దాకా. ఇద్దరి హయాంలోనూ నోటు మీద ఒక్కో చిన్న మార్పు జరిగింది. రెడ్డి కాలంలో, 2005లో, నోటు వెనక అడుగున అచ్చయిన సంవత్సరం వేయడం మొదలైంది. సుబ్బారావు కాలంలో కొత్త రూపాయి గుర్తు చేరింది. సంవత్సరం అంకె చూస్తే ఎవరికీ పట్టనంత చిన్నది. కానీ 2014 జనవరిలో రిజర్వు బ్యాంకు 2005కు ముందు నోట్లు వెనక్కి తీసుకుంటున్నామని చెప్పగానే, పాత నోటును పోల్చుకునే గుర్తు అదే అయింది. వెనక సంవత్సరం లేకపోతే పాతది. అప్పుడు గల్లాపెట్టెల దగ్గర ప్రతి నోటునూ తిరగేసి చూడటం అలవాటైంది.

పది మిల్లీమీటర్లు నాలుగైన కథ

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. విలువలో అవి చలామణిలో ఉన్న డబ్బులో 86 శాతం. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు, అంటే 99.3 శాతం, బ్యాంకులకు తిరిగొచ్చాయి. దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి, ఇక్కడ వాటి జోలికి పోను. నేను చూసేది కొలబద్ద.

పాత వరసలో 100 నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, వెడల్పు 73. కొత్తది 142, 66. అంటే కాగితం 18 శాతం తగ్గింది. 500 నోటు 167, 73 నుంచి 150, 66కు వచ్చింది, దాదాపు 19 శాతం తగ్గింది. 50 నోటు 17 శాతం, 20 నోటు 12 శాతం, 10 నోటు 10 శాతం చిన్నవయ్యాయి. కొలతలు కలవకపోవడంతో దేశంలోని 2 లక్షలకు పైగా ఏటీఎంలలో నోట్లు పెట్టే డబ్బాలను సరిచేయాల్సి వచ్చింది. నోటిచ్చే యంత్రాలే నోటును పోల్చుకోలేకపోయిన రోజులవి.

యంత్రాలను కొన్ని వారాల్లో సరిచేశారు. చేతుల సంగతి అంత సులువు కాదు. పాత వరసలో 100, 500, 1000 నోట్ల పొడవులు 157, 167, 177. ఒక్కో మెట్టుకు పది మిల్లీమీటర్లు. ఒకదాని మీద ఒకటి పెట్టి అంచు తడిమితే ఏది పెద్దదో తెలిసిపోయేది. 20, 50 నోట్ల పొడవు సమానమే కానీ వెడల్పులో పది మిల్లీమీటర్ల తేడా. కొత్త వరసలో 10 నోటు 123, 20 నోటు 129, 50 నోటు 135, 100 నోటు 142, 200 నోటు 146, 500 నోటు 150. 100కు 200కు తేడా 4 మిల్లీమీటర్లు. 200కు 500కు మళ్లీ 4. వెడల్పు మూడింటికీ 66. నాలుగు మిల్లీమీటర్లంటే రెండు బియ్యపు గింజల మందం. కాస్త మడత పడినా, మూల నలిగినా ఆ తేడా కనిపించదు.

కళ్లు కనిపించనివాళ్లకు ఇది ఎంత ఇబ్బందో చెబుతూ నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ బాంబే హైకోర్టుకు వెళ్లింది. 100, ఆపై నోట్ల మీద వేలికి తగిలేలా ఉబ్బెత్తు గుర్తులు, గీతలు ఉన్నాయి. 100 మీద త్రికోణం, ఇరువైపులా నాలుగేసి గీతలు. 500 మీద గుండ్రం, అయిదేసి గీతలు. కొత్త నోటు మీద గోరుతో రాస్తే స్పష్టంగా తగులుతాయి. నూరు చేతులు మారిన నోటు మీద అవి అరిగిపోతాయి. 2020 జనవరి 1న రిజర్వు బ్యాంకు మణి అనే మొబైల్ యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే విలువ చెబుతుంది. మంచి పనే. కానీ చీకటి పడే వేళ సంతలో, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నోటు పట్టుకున్న మనిషి ఫోను ఏ చేత్తో తీయాలి?

చూపున్నవాళ్లకూ రంగుల తంటా ఉంది. కొత్త 500 రాతి బూడిద రంగు, కొత్త 20 పచ్చదనం కలిసిన పసుపు. పగటి వెలుగులో పోలికే లేదు. ట్యూబులైటు సరిగా వెలగని హోటల్లో, నలిగి మాసిన నోట్లయితే, "ఇది ఇరవయ్యా, అయిదొందలా సేటూ?" అని అడగడం చాలామందికి అనుభవమే. వెనక దేవనాగరి అంకె కూడా 2016లోనే వచ్చింది. రాజ్యాంగం 343వ అధికరణం కేంద్ర ప్రభుత్వ పనులకు అంతర్జాతీయ రూపంలోని అంకెలు వాడాలంటుంది కదా అని మద్రాసు హైకోర్టులో పిటిషన్ కూడా పడింది.

ఇక బొమ్మలు. 10 మీద కోణార్క్, 20 మీద ఎల్లోరా, 50 మీద హంపీ రాతి రథం, 100 మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్ మెట్లబావి, 200 మీద సాంచీ, 500 మీద ఎర్రకోట. తెలుగు రాష్ట్రాల కట్టడం ఒక్కటీ లేదు. హంపీని రాయలవారి పేరు చెప్పి మనదనుకుంటే అనుకోవచ్చు. ఒక్క నోటుకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉండేది. 2000 నోటు మీది మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచే లేచింది. ఆ నోటునే 2023 మే 19న వెనక్కి పిలిచారు. అప్పటికి 3.56 లక్షల కోట్ల విలువైన నోట్లు జనం దగ్గరున్నాయి, 98 శాతానికి పైగా తిరిగొచ్చాయి. ఆరున్నరేళ్లకే ఆ నోటు కథ ముగిసింది. హాలీ నోటు 1918 నుంచి 1959 దాకా, రాజ్యం కూలాక కూడా లాగించింది.

నోటు రూపం ఎవరు ఖరారు చేస్తారన్నది రిజర్వు బ్యాంకు చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. రిజర్వు బ్యాంకు సెంట్రల్ బోర్డు సిఫార్సు చేస్తుంది, కేంద్రం ఆమోదిస్తుంది. రాష్ట్రాలకు మాట లేదు, నోటు లెక్కపెట్టే కిరాణా సేటుకూ లేదు, కండక్టర్‌కూ లేదు. తదుపరి మార్పు వచ్చేటప్పుడు ఏ కట్టడం బొమ్మ వేస్తారో అని కాకుండా, 100కు 200కు మధ్య ఆ నాలుగు మిల్లీమీటర్లు పెంచుతారా అని అడగడం మేలు. బొమ్మ మార్చితే ఒకరోజు వార్త, మిల్లీమీటర్లు మార్చితే రోజూ పనికొచ్చే సంగతి.

పాత పెట్టెలో 2000 నోటు దొరికితే అది ఇప్పటికీ చట్టబద్ధమైన నోటే. ఊళ్లో బ్యాంకులు తీసుకోవు. హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉన్న కార్యాలయంతో సహా రిజర్వు బ్యాంకుకు చెందిన 19 ఇష్యూ ఆఫీసుల్లో ఇవ్వవచ్చు. జహీరాబాద్ నుంచి నూరు కిలోమీటర్లు పోలేనివాళ్లు తపాలా శాఖ ద్వారా పంపి, డబ్బు తమ ఖాతాలో వేయించుకోవచ్చు. అదే పెట్టెలో హాలీ నోటు దొరికితే మార్చిచ్చే కౌంటరు ఎక్కడా లేదు. దాని ధర ఇప్పుడు నాణేల సేకర్తలు, వేలం వేసేవాళ్లు కట్టేదే, అది ఏడుకు ఆరు రేటు కంటే చాలా ఎక్కువ.